గాలిపటం గూడు

మా ఊర్ల నన్ను దుబాయ్ మల్లేశం అంటరు. నేను దుబాయ్‌ని చూసింది ఒక్కసారే, అదీ విమానం మారేటప్పుడు అద్దంల నుంచి. పని చేసిందంత ఖతర్‌ల. ఈ ముచ్చట చెప్పుడు బంద్ చేసి చానేండ్లయింది. ఎంత చెప్పినా ఆఖరికి, "అయితే దుబాయ్‌ల ఖతర్ ఏ దిక్కుంటది?" అని అడుగుతరు.

పని గురించి చెప్పుడు ఇంకా కష్టం. మొదటిసారి సెలవు మీద పోయినప్పుడు మా మామ అడిగిండు.

"అక్కడ ఏం పని అల్లుడా?"

"పాత ఇండ్లు కడుతున్న మామా."

మామ బీడీ ఒక గుంజు గుంజి ఆలోచించిండు. "పాత ఇండ్లు కట్టుడేంది? కట్టినప్పుడు ఏ ఇల్లయినా కొత్తదే గదా?"

"పడిపోయిన ఇండ్లను పాతయి ఎట్లుండెనో అట్లనే మళ్ల లేపుతం మామా."

"అంటే కొత్త ఇల్లు కట్టుడు నీకు రాదా?"

రాత్రి బువ్వ తినేటప్పుడు మా అత్తతోని మెల్లగ అన్నడట, "పోరడు ఏదో దాస్తున్నడు" అని.

ఇప్పుడు కంపెనీ నన్ను రిటైర్ చేసింది. విమానం ఇంకో పది దినాలకు ఉంది. నిన్న క్యాంపుల కొత్త బ్యాచ్ దిగింది, జగిత్యాల, నిర్మల్ దిక్కోళ్ళు. పొద్దుగాల చాయ్ తాగుకుంట, "అన్నా, ఈ పని ఎట్లుంటది?" అని అడిగిండ్రు. నేను గొంతు సవరించుకునే లోపల బస్సు హారన్ కొట్టింది, అందరు ఉరికిండ్రు. అందుకే రాస్తున్న. డ్యూటీ టైమ్ ఎప్పుడు, హెల్మెట్ యాడ ఇస్తరు అన్నది మీకు క్యాంపు బాస్ చెప్తడు. ఆయన చెప్పనివి రాస్త.

గోడను నాకిన మనిషి

నా మొదటి ఫోర్మన్ కుట్టి. కేరళాయన. దినానికి పది మాటలు మాట్లాడేటోడు, అండ్ల ఆరు "నో" లే. మిగిలినయి చేతి సైగలు.

నేను మా దిక్కు సిమెంటు మేస్త్రీగ పేరున్నోణ్ణి. గోడకు ప్లాస్టరు కొడితె అద్దంల మొఖం చూసుకున్నట్టు ఉండాలె. ఇక్కడి పాత గోడలు సముద్రపు రాయితోని కట్టినయి. ఆ రాళ్ళు రొట్టె తీరు బొక్కలు బొక్కలుంటయి. వాటికి సిమెంటు పనికిరాదు, సున్నమే కొట్టాలె. సున్నమేమో ఆరదు, గట్టిపడదు, దాని ఇష్టమొచ్చినప్పుడు అవుతది. అల్ అజీజియా కాడ ఒక పాత ఇంట్ల నాకు ఒక అర్ర అప్పజెప్పిండ్రు. నాలుగు దినాల పని. నేను రెండు దినాల్ల కొట్టిన. ఎట్లనంటే, లోపల సిమెంటు కొట్టి పైన సన్నగ సున్నం పూసిన. కుట్టి వచ్చి చూసిండు. ఏమనలె. నా తెలివికి నేనే మురిసిపోయిన.

ఎండకాలం దాటినంక ఆ అర్రల కుట్టి నన్ను నిలబెట్టిండు. గోడ మొత్తం అప్పడం కాల్చినట్టు పొంగింది. లోపలి ఉప్పు బయటికి పోయే తొవ్వ లేక సిమెంటును తన్నుకుంట వచ్చింది. కుట్టి ఒక పెచ్చు ఊడదీసి, నాలిక మీద పెట్టుకొని, ఉమ్మేసి, నాకు ఒక పెచ్చు ఇచ్చిండు.

"ఈట్," అన్నడు.

నాకిన. నోరంత సముద్రం.

"వాల్ డ్రింకింగ్. వాల్ స్వెట్టింగ్. యు క్లోజింగ్," అన్నడు. గోడ నీళ్ళు తాగుతది, గోడకు చెమట పోస్తది, నువ్వు దాని నోరు మూసినవు అని. అన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట మళ్ల ఎన్నడు వినలె. ఆ గోడను ఒక్కణ్ణే గీకిన, పదకొండు దినాలు.

అప్పటి నుంచి ఏ గోడనయినా ముట్టే ముందు నాకుడు అలవాటయింది. ఉప్పు ఎంతుందో నాలికకు తెలిసినంత మిషిన్‌కు తెల్వదు. ఒకసారి కొత్తగ వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ నన్ను గోడకు నాలిక పెట్టినప్పుడు చూసిండు. మనిషికి ఎండదెబ్బ తగిలిందనుకొని నన్ను అంబులెన్స్‌ల పండవెట్టి క్లినిక్‌కు తోలిండు. డాక్టరమ్మ, "మట్టి తినాలని ఎప్పటి నుంచి అనిపిస్తుంది?" అని ఎంతో ప్రేమగ అడిగింది. రక్తం తక్కువుందని గోళీలిచ్చింది. అవి కూడ తిన్న.

తలుపంత పోస్టుకార్డు

అసలు చెప్పాలనుకున్నది ఇది.

మదీనత్ అల్ షమాల్ దాటి సముద్రం దిక్కు పోతే ఒక చిన్న పాత ఊరుంది. చేపలు పట్టేటోళ్ళ ఊరు. జనం ఎప్పుడో దోహాకు పోయిండ్రు, ఇండ్లు సగం కూలినయి. ఒక గల్లీని, అండ్ల నాలుగు ఇండ్లను, ఒక దుకాణాన్ని పాతకాలం ఉన్నట్టే నిలబెట్టాలని మా కంపెనీకి పని వచ్చింది. అప్పటికి కుట్టి ఇంటికి పోయిండు, నేను ఫోర్మన్.

ఎట్లుండెనో ఎట్ల తెలుస్తది? ఆ గల్లీ ఫోటోతోని పాత పోస్టుకార్డు ఒకటి దొరికింది. దాన్ని సంపాదించింది మా ఇంజనీరు హాతిం సాబ్, ఈజిప్టు ఆయన. అరచెయ్యంత కార్డును తలుపంత పెద్దగ ప్రింట్ తీయించి ప్లైవుడ్ మీద అతికించి గల్లీ మొదట్ల నిలబెట్టిండు. పొద్దుగాల మేము హాజరు వేసుకునే ముందు ఆయన దాని ముంగట ఒక నిమిషం నిలబడేటోడు.

హాతిం సాబ్ తెలివైనోడు. ఆ మాట ముందే చెప్తున్న, ఎందుకంటే తర్వాత చెప్పేది వింటే మీకు అట్ల అనిపియ్యదు. అదే గల్లీది రంగుల కార్డు కూడ ఒకటుండె. అండ్ల తలుపులు పచ్చగ, గోడలు గులాబీ రంగు. నేను పచ్చ రంగు డబ్బాలు తెమ్మంటె ఆయన నవ్విండు. "మల్లేశ్, అప్పట్ల ఫోటోలకు రంగు ఉండదు. యాడనో దూరదేశంల ప్రెస్‌ల కూసున్నోడు తన మనసుకొచ్చిన రంగు పూసిండు. వాడు ఈ ఊరు చూడనే లేదు" అన్నడు. తలుపు గీకి చూస్తె వట్టి కట్టెనే, నూనె పట్టింది. ఆ దినం నుంచి ఆయన మాట మీద నాకు గురి కుదిరింది. గురి కుదురుడే నా కొంప ముంచింది.

నలుపు తెలుపు కార్డుల మూడో ఇంటి తలుపు పక్కన, మనిషి తల కంటే కొంచెం మీద, ఒక నల్లటి ఆకారముంది. గాలిపటం తీరు నాలుగు మూలలు. కింద సన్నని గీత వంకరగ దిగింది. గోడ ఆ భాగం ఎప్పుడో కూలిపోయింది, చూసుకుందామంటే లేదు. హాతిం సాబ్ భూతద్దం పెట్టి మూడు దినాలు చూసిండు. నాలుగో దినం పొద్దుగాల మొఖం వెలిగిపోతుండంగ వచ్చిండు.

"గూడు! దీపం గూడు. సముద్రం నుంచి వచ్చే పడవలకు కనపడాలని పెట్టిండ్రు. కింద ఆ గీత చూడు, దీపం నూనె కారిన మరక. ఖతర్ మొత్తంల ఇట్లాంటిది ఇంకోటి లేదు!"

నాకు ఒక అనుమానం వచ్చింది. ఆ సముద్రపు రాళ్ళతోని గుండ్రాయి పేర్చినట్టు గోడ పేరుస్తరు. గూడు పెట్టాలంటే పైన అడ్డకట్టె ఉండాలె. గాలిపటం ఆకారంల, మొన మీదికి పెట్టి, ఏ మేస్త్రీ కడుతడు? మనిషికి పనేం లేదా? నోటిదాక వచ్చింది. మింగిన. సాబ్ చదువుకున్నోడు, పచ్చ రంగు కాడ నేనే తప్పయిన, ఇప్పుడెందుకు నోరు తెరవాలె అనుకున్న.

కొత్తోళ్ళారా, మీకు చేతికి అనుమానం వస్తె నోటికి చెప్పుండ్రి. తప్పయితె నవ్వుతరు, అంతే.

ఆ గూడు కట్టుడు మాటలు కాదు. మొదటిసారి పొద్దుగాల కట్టినం, పగటి బువ్వ యాళ్ళకు కూలింది. రెండోసారి నేను చెయ్యి తీయంగనే కూలింది. మూడోసారి నా కాలు మీద కూలింది. ఆఖరికి ప్లైవుడ్‌తోని గాలిపటం సాంచ, అంటే అచ్చు, చేసి, దాని చుట్టు రాళ్ళు పేర్చి, సున్నం ఆరేదాక కాపలా కాసి, తొమ్మిదో దినం సాంచ గుంజినం. నిలబడ్డది! నూనె మరక కోసం కింద వంకరగ సన్నని కాలువ కూడ చెక్కిన. నా జిందగీల అంత సక్కటి గూడు ఎన్నడు కట్టలె.

హాతిం సాబ్ దాని మీద రిపోర్టు రాసి పైకి పంపిండు. చూడనీకి వచ్చేటోళ్ళకు చెప్పుకుంట చెప్పుకుంట పోతె కథ పెరిగింది. నెల లోపల ఆ దీపం ఎన్ని పడవలను కాపాడిందో కూడ చెప్పవట్టిండు. నేను పక్కన నిలబడి తలకాయ ఊపేటోణ్ణి.

కారు దిగిన ముసలాయన

ప్రతి శుక్రవారం ఒక తెల్ల ల్యాండ్ క్రూజర్ వచ్చి గల్లీ మొదట్ల ఆగేది. వెనుక సీట్ల ఒక ఖతరీ ముసలాయన. పేరు బూ సాలెం, ఎనభై దాటినయి. ఆ మూడో ఇల్లు ఆయన పుట్టిన ఇల్లు. ఇప్పుడు దోహాల, అల్ ఘర్రాఫా దిక్కు, కొడుకుల కాడ ఉంటడు. మోకాళ్ళ నొప్పులు, కారు దిగడు. అద్దం నాలుగు వేళ్ళంత దించి చూసి, ఒక మాట అని, అద్దం మళ్ల ఎక్కించుకొని పోతడు.

ఆ మాటను నాకు తెచ్చిచ్చేటోడు డ్రైవర్ సుబ్బరాయుడు. కడప జిల్లా రాజంపేట దిక్కు. ముసలాయన "జైన్", అంటే బాగుందని, ఒక్క మాట అంటె, సుబ్బరాయుడు నా కాడికి వచ్చి అయిదు నిమిషాలు చెప్పేటోడు.

"మల్లేశన్నా, మా బాబా ఏమంటాండాడంటే, పని శానా బాగుండాదంట. నువ్వు శ్రద్ధగల మనిషివంట. ఈ కాలంలో ఇట్లాంటోళ్ళు దొరకరంట. నీకు పిల్లోళ్ళెంతమంది అని కూడా అడిగినాడు."

"గదంత ఒక్క మాటల అన్నడా?"

"అరబ్బీ అట్లాంటిదన్నా. మాట చిన్నది, అర్థం పెద్దది."

ఓపెనింగు నాలుగు దినాలుందనంగ మళ్ల వచ్చిండ్రు. ఆ దినం పరంజి కట్టెలు తీసి, గల్లీ అంత ఊడ్చి, గూడుకు కట్టిన పరదా కూడ విప్పినం. అద్దం దిగింది. ముసలాయన చూసిండు. అద్దం ఇంకింత దిగింది. తర్వాత తలుపు తెరుచుకుంది. సుబ్బరాయుడు ఉరికొచ్చి చెయ్యందిస్తె, కట్టె పట్టుకొని బూ సాలెం కారు దిగిండు.

ఒక్కొక్క అడుగు వేసుకుంట గూడు ముంగటికి వచ్చిండు. చూసిండు. కట్టెతోని కింది కాలువను తాకి చూసిండు. భుజాలు ఊగవట్టినయి. ఏడుస్తున్నడనుకున్న, పుట్టిన ఇల్లు గదా. నా కండ్లు కూడ తడి అయినయి. అప్పుడు ఆయన తల మీది గుత్రా గుడ్డ జారి భుజం మీద పడ్డది, నోరు కనపడ్డది. నవ్వుతున్నడు. పండ్లు లేని నోరు మొత్తం తెరిచి నవ్వుతున్నడు.

"సమక్!" అన్నడు. "సమక్!"

"ఏమంటున్నడు?" అని అడిగిన.

సుబ్బరాయుడు మొదటిసారి చిన్నగ చెప్పిండు. "సేప అంటాండాడన్నా."

"ఏం చేప?"

ముసలాయన రెండు చేతులు రెక్కల తీరు చాపి, వెనుక తోక ఆడించి చూపిండు. గాలిపటం తీరు ఒక చేప ఉంటదట ఈ సముద్రంల, కింద పొడుగు తోకతోని. వాళ్ళమ్మ దానికి ఉప్పు రాసి తలుపు పక్కన వేలాడదీసి ఎండబెట్టేదట. ఫోటో తీసినాయన వచ్చిన దినం కూడ ఎండుతున్నది.

"తోక గూడా పెట్టినారే అని నవ్వుతాండాడన్నా," అన్నడు సుబ్బరాయుడు, నేను పాణం పెట్టి చెక్కిన కాలువ దిక్కు చూసుకుంట.

వాళ్ళు కారెక్కేటప్పుడు సుబ్బరాయుడు నా చెవిల అన్నడు, "నోరు మూసుకోన్నా. బాబా ముసలోడు, ఎవురికీ చెప్పడు. నీ సాబుకు తెలిస్తే నీ మీదికే తోస్తాడు."

ఆ మాట నిజమే. కట్టింది నేను. కూలగొట్టమంటే నాలుగు దినాల్ల అవుతదో లేదో తెల్వదు. కాకపోతె ఫోర్మన్ పని పోతది. ఊకుంటే ఏం కాదు, గూడు సక్కగనే ఉంది. ఇసుకల కూసుండి చానసేపు దాని దిక్కు చూసిన. కాని ఎంత చూసినా గూడు కనపడలె. చేపనే కనపడుతున్నది.

హాతిం సాబ్‌కు ఫోన్ చేసిన.

ఒక మొల

ముచ్చటంత చెప్పిన. సాబ్ అడిగిన మొదటి మాట, "ఎవరెవరికి చెప్పినవు?"

"మీకే సాబ్."

"ఏమో, గూడుండి, ఆ గూట్లనే చేప పెట్టిండ్రేమో?"

తెల్లారి ముగ్గురం బూ సాలెం మజ్లిస్‌ల, వచ్చినోళ్ళను కూసోబెట్టే అర్రల, కూసున్నం, సాబ్, నేను, మధ్యల సుబ్బరాయుడు. మెత్తలు, గావా కాఫీ, ఖర్జూరాలు. సాబ్‌కు అరబ్బీ తన భాషనే గాబట్టి సుబ్బరాయునికి పని లేదు, అయినా నాకు చెవిల చెప్పుకుంట పోయిండు.

"చేప వెనుక ఏమన్న బొక్క ఉండెనా?" అని సాబ్ అడిగిండు. లేదన్నడు. "చిన్నది?" లేదన్నడు. "మీరు పుట్టకముందు ఉండి, తర్వాత మూసిండ్రేమో?" ముసలాయన గావా గిన్నె కింద పెట్టి ఒక వేలు లేపిండు.

"ఒక్క సీలంటన్నా," అన్నడు సుబ్బరాయుడు.

"సీలంటే?"

"సీల తెల్దా? గోడకు కొడతారే!"

మొల. ఒక్క మొల. దానికి వేలాడదీసేటోళ్ళు, పిల్లులకు అందగూడదని.

తర్వాత ముసలాయన ఆ గూడు ఎవరు కట్టిండ్రని అడిగిండు. సాబ్ నా దిక్కు చూసిండు. తోస్తడు చూడు అనుకున్న. కాని ఆయన, "చెప్పింది నేను, కట్టింది ఇతను" అన్నడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నా కోపమంత పోయింది. బాసులను నేను మస్తు మందిని చూసిన. మొదటి సగం తన నోటితోని చెప్పుకునేటోళ్ళు ఇద్దరో ముగ్గురో.

బూ సాలెం నన్ను పైనుంచి కిందికి చూసి ఏదో అన్నడు. సుబ్బరాయుడు నవ్వు ఆపుకుంట చెప్పిండు. "బో బాగ కట్టినావంట. కానీ వాళ్ళమ్మ ఉంటే, చలిగాలి ఇంట్లోకి వస్తాందని నీ ఈపు పగలగొట్టేదంట."

రెండు దినాల్ల గూడు, కింది కాలువ నింపినం. రాయి పెట్టినం, సున్నం కొట్టినం, పక్క గోడతోని కలిపి తడిమి చూస్తె అతుకు దొరకలె. ఒక్కటే చిక్కు. మొదట్ల చెప్పిన గదా, సున్నం దాని ఇష్టమొచ్చినప్పుడు ఆరుతదని. మూడు ఫ్యాన్లు పెట్టినం. అరబ్బు, ఇండియా, నేపాల్, అందరి దేవుళ్ళకు మొక్కినం. ఓపెనింగు పొద్దుగాల చూస్తె గోడంత తెల్లగ ఉంది, తలుపు పక్కన మాత్రం తడి సున్నం నల్లగ, గాలిపటం ఆకారంల, కింద వంకర తోకతోని సహా.

సాబ్ గోడకు వీపానిచ్చి దాన్ని దాచాలని చూసిండు. అంత పెద్ద వీపు ఎవరికుంటది?

పెద్దోళ్ళు వచ్చిండ్రు. ముంగట నడిచేటాయన తలుపంత పోస్టుకార్డు కాడ ఆగిండు, కార్డును చూసిండు, గోడను చూసిండు, మళ్ల కార్డును చూసిండు. చప్పట్లు కొట్టిండు. "మచ్చతో సహా అట్లనే! ఇంత నిజంగ ఎవరు చేసిండ్రు?"

అందరు ఫోటోలు తీయవట్టిండ్రు. ఇదే మోక, ఇప్పుడు గూడ ఊకుంటే చల్తది. కాని ఆ ముంగట నడిచినాయన నన్నే అడిగిండు, "ఇదేంది?" అని. నాకొచ్చిన అరబ్బీల చెప్పిన, "సమక్. ఉమ్ మాల్ బాబా, సమక్." చేప, పెద్దాయన వాళ్ళ అమ్మది.

అందరు కుర్చీల కూసున్న బూ సాలెం దిక్కు తిరిగిండ్రు. ఇగ చూడుండ్రి, కారు దిగనే దిగని మనిషి అరగంట మాట్లాడిండు. అమ్మ, చేపలు, పిల్లులు, ఏ ఇంటోళ్ళు ఎవరితోని కొట్లాడిండ్రు, దుకాణపాయన ఎట్ల తూకంల మోసం చేసేటోడు, అంత చెప్పిండు. రిబ్బను కత్తిరించుడు అందరు మరిచిపోయిండ్రు. హాతిం సాబ్ నోట్‌బుక్ తీసి, భూతద్దం లేకుండ, ప్రతి మాట రాసుకున్నడు.

అందరు పోయినంక బూ సాలెం పోలె. నన్ను పిలిచి, "మిస్మార్" అన్నడు.

"సీల గావాలంటన్నా."

సున్నం పచ్చిగుంది, వారం ఆగుదామన్న. ముసలాయన కట్టెతోని నేల మీద కొట్టిండు. సరే అని ఒక ఇనుప మొల, సుత్తె తెచ్చిన. సాబ్ టేపు పట్టి కార్డు ప్రకారం కొలిచిండు, నేను అక్కడ మొల ఆనిచ్చిన. ముసలాయన తలకాయ అడ్డంగ ఊపి, చెయ్యి కిందికి చూపిండు.

"కార్డుల ఇక్కడనే ఉంది గదా, చెప్పు," అన్న.

సుబ్బరాయుడు అడిగిండు. విన్నడు. ఈసారి మెల్లగ, ఉన్నంతే చెప్పిండు.

"ఫోటో తీసిన దినం వాళ్ళ నాయన ఇంట్లో ఉండె, ఆయన పొడుగంట, సీల పీకి మీదికి కొట్టినాడంట. మిగతా దినాలన్నీ సీల కిందనే ఉండె, అమ్మే తగిలించేదంట. అమ్మ పొట్టంట. పిల్లులు దినామూ ఎత్తుకపోయేటివంట."

హాతిం సాబ్ టేపు మడిచి జేబుల పెట్టుకున్నడు. నేను మొలను జానెడు కిందికి దించి కొట్టిన.